రిస్పెరిడోన్ డోసు పెంచాక తమ్ముడు ఒక్కచోట కూర్చోలేకపోతున్నాడు: జబ్బు ముదిరిందా, మందు వల్లనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. దేవరకొండ దగ్గరి పల్లె. తమ్ముడికి 24 ఏళ్లు. చెవిలో మాటలు వినపడుతున్నాయని, అందరూ తన గురించే అనుకుంటున్నారని నెలన్నర కింద వైద్యం మొదలైంది. రిస్పెరిడోన్ 2 మిల్లీగ్రాములతో మాటలు కొంత తగ్గాయి, రెండు వారాల కింద 4 చేశారు. తర్వాత నాలుగైదు రోజులకే మనిషి నిలకడ పోయింది. రాత్రంతా వాకిట్లో తిరుగుతున్నాడు, అన్నం పళ్లెం పట్టుకుని నడుస్తూ తింటున్నాడు. ఇంట్లో సగం మంది జబ్బు ముదిరిందంటున్నారు, సగం మంది గాలి సోకిందంటున్నారు, మేనమామ గోలీలన్నీ బంద్ చేయమంటున్నాడు.

ముందు జవాబు చెప్తాను. మీరు రాసిన తేదీలను బట్టి చూస్తే ఇది మందు వల్ల వచ్చిన కుదురులేనితనం అయ్యే అవకాశమే ఎక్కువ. వైద్యంలో దీని పేరు అకతీసియా. ఇది తగ్గేదే. గోలీలు మీ అంతట మీరు ఆపొద్దు, నిద్ర పట్టడం లేదని ఒకటి ఎక్కువ వేయనూ వద్దు. వచ్చే నెల చీటీ తేదీ దాకా ఆగకుండా రెండు మూడు రోజుల్లో రాసిన డాక్టరు దగ్గరికే తమ్ముణ్ని వెంటబెట్టుకుని పోండి. డోసు తగ్గించడమో, ఈ తోపులాటను అణిచే ప్రొప్రనలాల్ లాంటి గోలీ జోడించడమో, మందు మార్చడమో చేస్తారు. రిస్పెరిడోన్ గోలీల వల్ల వచ్చింది చాలామందిలో వారం పది రోజుల్లో నెమ్మదిస్తుంది. తమ్ముడు "ఇట్ల బతకలేను", "సచ్చిపోతే మంచిగుండు" లాంటి మాట అన్నాడంటే రెండు రోజులు కూడా ఆగొద్దు, ఈ రోజే పోవాలి. ఎందుకో కింద రాశాను.

ఇక వివరంగా.

ఇలాంటి మందులు మెదడులో డోపమిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. మాటలు వినపడటం, అనుమానాలు తగ్గేది దానివల్లే. అయితే అదే డోపమిన్ మన కదలికలను కూడా అదుపులో పెడుతుంది. అక్కడ అడ్డు ఎక్కువైనా, తొందరగా పెరిగినా కాళ్లలో, లోపల ఒక తోపులాట మొదలవుతుంది. అందుకే డోసు ఎంత అన్నదే కాదు, ఎంత తొందరగా పెంచారు అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 2 నుంచి 4కి ఒక్కసారే పోతే వచ్చినది, 2 నుంచి 3కి, కొన్ని వారాలయ్యాక 4కి పోతే కొందరిలో రాకపోవచ్చు. మామూలుగా మందు మొదలుపెట్టిన లేదా పెంచిన కొద్ది రోజుల్లో, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో ఇది బయటపడుతుంది. ఆరు వారాలు దాటాక కొత్తగా మొదలవడం తక్కువే.

హలోపెరిడాల్, ట్రైఫ్లూఓపెరజీన్, ఫ్లూఫెనజీన్ సూది లాంటి పాత మందుల్లో ఇది ఎక్కువ. కొత్తవాటిలో అరిపిప్రజోల్, కారిప్రజీన్ ముందు వరుసలో ఉంటాయి, రిస్పెరిడోన్‌కు డోసు పెరిగినకొద్దీ పెరుగుతుంది. ఒలాంజపీన్‌కు తక్కువ, క్వెటియాపీన్, క్లోజపీన్‌కు ఇంకా తక్కువ. "కొత్త మందు కాబట్టి సైడ్ ఎఫెక్ట్ ఉండదు" అని మందుల దుకాణంలో చెప్పే మాట నమ్మొద్దు.

ఇంట్లో గుర్తుపట్టేది ఎట్ల

మొదట ఒక తెల్లకాగితం తీసుకుని రెండు తేదీలు పక్కపక్కన రాయండి: డోసు మారిన తేదీ, తిరుగుడు మొదలైన తేదీ. సగం నిర్ధారణ ఆ కాగితంలోనే ఉంటుంది.

తర్వాత తమ్ముణ్ని స్టూలు మీద కూర్చోబెట్టి రెండు నిమిషాలు వేరే ముచ్చట పెట్టండి. పత్తి రేటో, క్రికెట్టో, ఏదైనా సరే, జబ్బు గురించి మాత్రం కాదు. మీరు ముఖం వైపు కాకుండా పాదాల వైపు చూడండి. మడమలు లేచి పడుతుంటాయి, మోకాళ్లు దగ్గరికీ దూరానికీ ఊగుతుంటాయి, కాలు మీద కాలు వేసి వెంటనే తీసేస్తాడు, చేతులతో తొడలు రాసుకుంటుంటాడు. నిమిషం కాకముందే లేవబోతాడు. ఆ తర్వాత రెండు నిమిషాలు నిలబెట్టి అదే ముచ్చట సాగించండి. ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, ఉన్నచోటే అడుగులు వేస్తున్నట్టు ఉంటాడు. అకతీసియాను కొలవడానికి మేం వాడే బార్న్స్ కొలబద్ద 1989లో వచ్చింది, అందులోనూ చూసేది ఇదే: కూర్చున్నప్పుడు రెండు నిమిషాలు, నిలబడ్డప్పుడు రెండు నిమిషాలు, ఆపైన మనిషి లోపల ఎట్లా ఉందో అడగడం.

అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. "నీకు కూర్చోవాలని ఉందా? ఉన్నా కూర్చోలేకపోతున్నావా?" అని అడగండి. జబ్బు వల్ల తిరిగేవాడికి ఒక కారణం ఉంటుంది: ఎవరో వస్తున్నారు, ఇల్లు చూస్తున్నారు, ఎక్కడికో పోవాలి. మందు వల్ల తిరిగేవాడికి కారణం దొరకదు. "కూసుంటె కూసోనిస్తలేదు, పండుకుంటె పండుకోనిస్తలేదు", "పానం నిలుస్తలేదు", "లోపల దేవినట్టయితుంది", "కాళ్లు ఊకె గుంజుతున్నయ్" అంటాడు. నడిస్తే కాసేపు హాయి, ఆగితే మళ్లీ మొదలు. కాలుగాలిన పిల్లి అంటారే, అచ్చం అట్లాగే. ఒక్కోసారి బయటికి కాళ్లు పెద్దగా కదలకపోయినా లోపలి తోపులాట మాత్రం గట్టిగా ఉంటుంది. అది చూపుకు కనపడదు, అడిగితేనే తెలుస్తుంది.

దీంతో కలిసిపోయి తికమక పెట్టేవి కొన్ని ఉన్నాయి.

సాయంత్రం, రాత్రి పడుకున్నప్పుడు మాత్రమే కాళ్లు గుంజి, పగలు మామూలుగా ఉంటే అది వేరే జబ్బు. రక్తం తక్కువ ఉన్నవాళ్లలో, గర్భిణుల్లో ఎక్కువ చూస్తాం. అకతీసియా పగలూ రాత్రీ ఉంటుంది, కూర్చున్నా నిలబడ్డా ఉంటుంది.

నొప్పి వేరు. మర్రిగూడ, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్లలో కీళ్లు పట్టేసి "కాళ్లు గుంజుతున్నయ్" అనేవాళ్లు ఎందరో. వాళ్లకు నడిస్తే నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. ఇక్కడ సరిగ్గా తిరగబడి ఉంటుంది.

చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకోవడం, నోట్లోంచి చొంగ కారడం అదే మందుల వల్ల వచ్చే ఇంకో రకం ఇబ్బంది. రెండూ కలిసి రావచ్చు, కానీ వైద్యం వేరు కాబట్టి డాక్టరుకు విడివిడిగా చెప్పాలి.

కల్లు సంగతి దాచొద్దు. మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇది అడగకుండా ఏ నిర్ధారణా చేయకూడదు. కల్తీ కల్లులో ఆల్‌ప్రజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారన్నది అందరికీ తెలిసిందే. 2015లో కల్తీ మీద దాడులు గట్టిగా జరిగి కల్లు దొరకనప్పుడు వణుకు, ఫిట్స్, పిచ్చి మాటలతో జనం దవాఖానలకు వరుస కట్టారు. తమ్ముడు రోజూ తాగేవాడై, వైద్యం మొదలయ్యాక మీరు మాన్పించి ఉంటే ఈ అవస్థకు అదీ కారణం కావచ్చు. కల్లు మానడం వల్ల అయితే ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది, చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నాడి వేగంగా కొట్టుకుంటుంది. అకతీసియా ఒక్కటే అయితే నాడి, చెమట దాదాపు మామూలుగా ఉంటాయి. ఇంకో చిక్కు: "కల్లు తాగితే ఆ పూట కుదురుగా ఉంటుండు, కాబట్టి కల్లు మానినందుకే ఇదంతా" అని తేల్చేస్తారు. అది తప్పు లెక్క. కల్లులో కలిపే ఆల్‌ప్రజోలం జాతి మత్తుమందు, రిస్పెరిడోన్ లాంటి గోలీల వల్ల వచ్చిన కుదురులేనితనాన్ని కూడా కొన్ని గంటలు అణుస్తుంది. తగ్గిందన్నంత మాత్రాన కారణం తేలినట్టు కాదు.

అసలు తప్పు ఎక్కడ జరుగుతుంది

ఈ సమస్యలో ఎక్కువ నష్టం మందు వల్ల కంటే, మందు వల్ల వచ్చినదాన్ని జబ్బుగా లెక్కగట్టడం వల్ల జరుగుతుంది. వరుస ఇట్లా ఉంటుంది. డోసు పెరుగుతుంది, మనిషి తిరుగుతాడు. అన్నో అమ్మో ఒక్కరే చీటీ పట్టుకుని దవాఖానకు పోయి "నిద్ర పోతలేడు సార్, ఊకె తిరుగుతుండు, మీదికొస్తుండు" అంటారు. మనిషిని చూడని డాక్టరుకు అది జబ్బు పెరిగినట్టే వినపడుతుంది. డోసు ఇంకా పెంచుతారు, లేదా హలోపెరిడాల్ సూది వేస్తారు. దాంతో తిరుగుడు రెట్టింపవుతుంది. రోగి వెంట వచ్చినా కిక్కిరిసిన ఓపీలో అతను ఎట్లాగూ నిలబడే ఉంటాడు, కూర్చోలేడన్న సంగతి ఎవరి కంటా పడదు.

అందుకే డాక్టరుకు చెప్పే వాక్యం మార్చండి. "జబ్బు పెరిగింది" అనొద్దు. ఇట్లా చెప్పండి: "ఫలానా తారీఖున 2 నుంచి 4 చేసిన్రు సార్. ఐదు రోజులకు కాళ్లు నిలవడం ఆగింది. మాటలు వినపడుడు తగ్గింది, కానీ పది నిమిషాలు కూర్చోలేడు. కూర్చోవాలని ఉన్నా కాళ్లు ఆగుతలేవంటుండు." మాటలు, అనుమానాలు ఎంత తగ్గాయో కూడా చెప్పాలి, ఎందుకంటే డోసు తగ్గించవచ్చా అన్నది దాని మీదే ఆధారపడుతుంది. వాడుతున్న గోలీల పట్టీలన్నీ సంచిలో వేసుకుపోండి, జ్వరం గోలీ, గ్యాస్ గోలీతో సహా. వీలైతే ఇంట్లో కూర్చున్నప్పుడు పాదాలు కనపడేలా ఒక నిమిషం వీడియో తీసి చూపించండి. నేనైతే అరగంట మాటల కంటే ఆ నిమిషానికే విలువిస్తాను.

డాక్టరు ఏం చేయవచ్చు

మొదటి దారి డోసు తగ్గించడం. మీ తమ్ముడికి 2 మిల్లీగ్రాములతోనే మాటలు తగ్గుముఖం పట్టాయి కాబట్టి 3కో, తిరిగి 2కో దించి కొన్ని వారాలు ఆగి చూడమనవచ్చు. మొదటిసారి జబ్బు వచ్చిన కుర్రవాళ్లకు తక్కువ డోసే చాలాసార్లు సరిపోతుంది, ఫలితం కనపడటానికి కావాల్సింది సమయం. నెలన్నర కాకముందే "ఇంకా పూర్తిగా తగ్గలేదు" అని ఇంటివాళ్లు తొందరపెట్టడం, డోసు పెరగడం తరచూ చూసేదే. రిస్పెరిడోన్ తగ్గిస్తే ఒంట్లో కొత్త మట్టం కుదరడానికి ఐదారు రోజులు పడుతుంది, కాబట్టి మర్నాడే ఫలితం వెతకొద్దు.

రెండోది ప్రొప్రనలాల్. ఇండెరాల్, సిప్లార్ పేర్లతో దొరుకుతుంది. చాలాచోట్ల 10 మిల్లీగ్రాములు రోజుకు రెండు మూడుసార్లతో మొదలుపెట్టి, నాడి, బీపీ చూసుకుంటూ మొత్తం 30 నుంచి 80 మధ్యకు తీసుకుపోతారు. పనిచేస్తే కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. ఇది బీపీ గోలీ కూడా కాబట్టి "మావాడికి బీపీ లేదు, ఎందుకు రాసిన్రు" అని ఇంట్లో ఆపేసేవాళ్లున్నారు. అందుకే ముందే చెప్తున్నాను.

ప్రొప్రనలాల్ ఎవరికి కూడదు: దమ్ము ఉన్నవాళ్లకు, చిన్నప్పుడు ఉండి పోయినా సరే, డాక్టరుకు చెప్పకుండా వేయకూడదు, ఊపిరి గొట్టాలు మూసుకుపోవచ్చు. నాడి నిమిషానికి 60 లోపు ఉన్నవాళ్లకు, గుండె స్పందనలో అడ్డు ఉన్నవాళ్లకు, బీపీ ముందే తక్కువ ఉన్నవాళ్లకు కూడా అంతే. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి గోలీలు గానీ వాడే షుగరు పేషెంట్లలో షుగరు పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు ఇది కప్పేస్తుంది. చెమట పట్టడం ఒక్కటే గుర్తుగా మిగులుతుంది. నాడి ఇంట్లో చూడటం కష్టమేం కాదు: మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేయాలి. మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతుంటే డోసు ఎక్కువైందేమో అడగాలి. కొన్ని వారాలు వాడాక ఒక్కసారే ఆపకూడదు, మెల్లగా దించాలి.

ప్రొప్రనలాల్ కుదరనివాళ్లకు రాత్రిపూట మిర్టజపీన్ 7.5 లేదా 15 మిల్లీగ్రాములు ఒక మార్గం. నిద్ర వస్తుంది, ఆకలి, బరువు పెరుగుతాయి. అతిహుషారు, అతిఖర్చు, నిద్ర అక్కర్లేకపోవడం లాంటి దశలు ఉన్న జబ్బు అయితే మిర్టజపీన్ జాగ్రత్తగా వాడాలి, అది ఆ దశను రేపవచ్చు.

క్లోనజిపాం 0.25 లేదా 0.5 రాత్రి పూట రాయవచ్చు. మొదటి వారం గట్టెక్కడానికి ఇది బాగా పనికొస్తుంది, నెలల తరబడి మాత్రం కాదు, అలవాటు పడుతుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో దించేయాలని మొదటిరోజే డాక్టరుతో అనుకోండి. కల్లు, సారాతో కలిపితే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు. రాత్రి కల్లు తాగి వచ్చిన మనిషికి ఈ గోలీ వేయొద్దు.

పాసిటేన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అందరూ ముందు చేయిపెట్టేది దానిమీదే. ట్రైహెక్సీఫెనిడిల్ దాని అసలు మందు. వణుకు, బిగుసుకుపోవడం, మెడ మెలితిరగడానికి అది మంచిదే. ఒట్టి కుదురులేనితనానికి మాత్రం అంతంతమాత్రమే. రిస్పెరిడోన్, ట్రైఫ్లూఓపెరజీన్ గోలీల్లో పేరు చివర "ప్లస్" ఉంటే లోపల ఇది 2 మిల్లీగ్రాములు ముందే ఉందేమో పట్టీ వెనక చదవండి. అది చూడకుండా దుకాణంలో అడిగి ఇంకో రెండు వేస్తే నోరు ఎండిపోవడం, మలబద్ధకం, చూపు మసకబారడం, ఒంటికి రావడం ఆగిపోవడం, మతిమరుపు మొదలవుతాయి. ఎక్కువైతే మనిషి తికమకపడి ఉన్నవీ లేనివీ మాట్లాడతాడు, అదీ జబ్బు కిందే లెక్కగడతారు. ఇంకొకటి, చెమట తగ్గిస్తుంది. ఎండాకాలం నల్లగొండ ఎండలో పాసిటేన్ వేసుకుని మిట్టమధ్యాహ్నం చేలో పనిచేసే మనిషికి వడదెబ్బ ముప్పు మిగతావాళ్ల కంటే ఎక్కువ.

బి6 విటమిన్ గురించి అడుగుతుంటారు. పరిశోధనల్లో వాడింది రోజుకు 600 మిల్లీగ్రాములు, అదీ కొద్దిరోజులే. ఆర్‌ఎంపీ ఇచ్చే బీ కాంప్లెక్స్ గోలీలో ఉండేది కొద్ది మిల్లీగ్రాములు, దానితో ఈ సమస్య తగ్గదు. పెద్ద డోసును సొంతంగా నెలల తరబడి వాడితే పాదాల నరాలు దెబ్బతిని తిమ్మిర్లు వస్తాయి. రక్తం తక్కువ ఉంటే మాత్రం ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్ పరీక్ష చేయించి ఐరన్ సరిచేసుకోవడం ఎట్లాగూ మంచిదే.

ఇవేవీ కుదరకపోతే అసలు మందు మారుస్తారు. ఒలాంజపీన్‌కో, క్వెటియాపీన్‌కో పోతే కాళ్లు నెమ్మదిస్తాయి గానీ బరువు, షుగరు, కొవ్వు పెరిగే బెడద మొదలవుతుంది. మార్చే ముందే బరువు, నడుము కొలత, పరగడుపు షుగరు రాసి పెట్టుకోండి, మూడు నెలలకు పోల్చుకోవడానికి. ఒలాంజపీన్ వాడేవాడు బీడీలు బాగా తాగుతుంటే ఆ సంగతి చెప్పాలి. పొగ వల్ల ఆ మందు మట్టం తగ్గుతుంది, బీడీ ఒక్కసారే మానేస్తే పెరుగుతుంది.

మానసిక వైద్యం గోలీలే కారణం కావాలని లేదు

సంచిలో గ్యాస్ గోలీ కూడా వేసుకుపొమ్మన్నది ఇందుకే. అజీర్తికని ఊళ్లో ఇచ్చే కొన్ని క్యాప్సూళ్లలో పాంటోప్రజోల్, రాబెప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ ఉంటుంది. అది కూడా డోపమిన్‌ను అడ్డుకునేదే. నలభై దాటిన ఆడవాళ్లలో ఇది తరచూ కనపడుతుంది: కడుపు ఉబ్బరానికి నెలల తరబడి ఆ గోలీ, ఆ తర్వాత కుదురులేకపోవడం, నిద్రపట్టకపోవడం, దానికి దిగులు గోలీ. పట్టీ వెనక చదివితే కథ అక్కడే దొరుకుతుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ సూది నరంలోకి గబగబా ఎక్కిస్తే నిమిషాల్లోనే మనిషి మంచం దిగి సెలైన్ పీకేసుకుని పోతానంటాడు. నెమ్మదిగా ఎక్కిస్తే ఆ ముప్పు తగ్గుతుంది. ప్రోక్లోర్‌పెరజీన్, కళ్లు తిరగడానికి, తలనొప్పికి ఇచ్చే ఫ్లూనరిజీన్, సిన్నరిజీన్ కూడా ఈ కోవలోవే.

దిగులుకు వాడే ఫ్లూఆక్సెటీన్, సెర్ట్రలీన్, ఎస్సిటలోప్రాం మొదటి రెండు వారాల్లో కొందరికి ఇట్లాగే చేస్తాయి. ఫ్లూఆక్సెటీన్, పారోక్సెటీన్ ఇంకో పని చేస్తాయి: రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ ఒంట్లోంచి పోకుండా నిలబెడతాయి, దాంతో చీటీ మీద డోసు మారకున్నా రక్తంలో మట్టం పెరుగుతుంది. నల్లగొండలో ఒక డాక్టరు, హైదరాబాద్‌లో ఇంకొక డాక్టరు రాసిన చీటీలు కలిసినప్పుడు ఇది జరుగుతుంది.

సూదుల విషయం వేరు. ఫ్లూఫెనజీన్ డెకనోయేట్, హలోపెరిడాల్ డెకనోయేట్ లాంటి నెల సూది వేశాక కుదురు పోతే గోలీలాగా మర్నాడు ఆపి బయటపడలేం. ఒకసారి ఒంట్లోకి పోయినది వారాల తరబడి ఊరుతూనే ఉంటుంది. పుణెకో ముంబైకో కూలికి పోయే మనుషులకు "నెలదాకా ఫికరుండదు" అని సూది వేయించి బస్సెక్కించడం పాలమూరులో మామూలే. మొదటిసారి సూది అయితే కనీసం రెండు వారాలు ఊళ్లోనే ఉంచుకుని చూసి పంపండి. అంతకుముందు అదే మందు గోలీగా ఇచ్చి పడుతుందో లేదో చూడమని అడగండి. అరిపిప్రజోల్ గోలీ కూడా ఒంట్లో చాలాకాలం నిలుస్తుంది, ఆపాక రెండు వారాల దాకా అవస్థ సాగవచ్చు.

మందు పనిచేసేదాకా ఇంట్లో

తిరగనివ్వండి. "కూసో, కూసో" అని రెక్కపట్టి కూర్చోబెడితే కొట్టడానికి వస్తాడు, అదీ జబ్బు ఖాతాలో పడుతుంది. కట్టేయడం, గదిలో పెట్టి గొళ్లెం వేయడం అసలు వద్దు. కదలకుండా ఉండటమే అతనికి శిక్ష. పొద్దున, సాయంత్రం చల్లపూట ఒకరు తోడుపోయి అరగంట నడిపించండి. రాత్రి వాకిట్లో తిరిగేటప్పుడు లైటు వేసి ఉంచండి, బావి, మోటారు, కరెంటు తీగలున్న వైపు పోకుండా చూడండి. నాలుగు ముద్దలు తిని లేస్తే లేవనివ్వండి, మళ్లీ పెట్టండి. తినే మోతాదు తగ్గకపోతే చాలు. మధ్యాహ్నం తర్వాత చాయ్ ఆపండి, చాయ్, కాఫీ ఈ తోపులాటను పెంచుతాయి. కాళ్లకు పనిచెప్పే చిన్న పనులు, నీళ్లు మోయడం, గొడ్లకు మేత వేయడం, వాకిలి ఊడవడం కొంత ఊరట ఇస్తాయి. బండి, ట్రాక్టరు, కొడవలి మాత్రం వద్దు.

దవాఖానకు పోయే బస్సు ప్రయాణమే పెద్ద గండం. దేవరకొండ నుంచి నల్లగొండకో హైదరాబాద్‌కో ఏకబిగిన పోకుండా మధ్యలో ఒకచోట దిగి తర్వాతి బస్సు ఎక్కేలా పెట్టుకోండి. కిటికీ సీటు కాకుండా దారి పక్కసీటు తీసుకోండి, లేచి నిలబడటానికి వీలుంటుంది. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ జనరల్ దవాఖానల్లో మానసిక విభాగం ఓపీ ఉంది, హైదరాబాద్ దాకా పోవాల్సిన పని అన్నిసార్లూ ఉండదు. మొదట రాసిన డాక్టరు దొరకకపోతే పాత చీటీతో అక్కడికి పోవచ్చు.

తాయెత్తు కట్టించుకుంటామంటే, దర్గాకు పోయివస్తామంటే నేను అడ్డుచెప్పను. గోలీలు ఆగకుండా, దవాఖాన తేదీ తప్పకుండా ఉంటే సరి. ఉపవాసాలు పెట్టడం, కొట్టడం, పొగ వేయడం మాత్రం ఒప్పుకోకండి.

ఆగకూడని సందర్భాలు

లోపలి తోపులాట భరించలేక ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన అప్పటిదాకా లేనివాళ్లకు కూడా అకస్మాత్తుగా రావచ్చు. అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం వద్దు, సూటిగా అడగండి: "సచ్చిపోవాలని అనిపిస్తుందా?" పత్తి వేసిన ఇళ్లలో పురుగుల మందు డబ్బా దూలం మీదో, మంచం కిందో ఉంటుంది. ఈ వారాల్లో దాన్ని ఇంట్లోంచి తీసి పక్కవాళ్ల దగ్గర తాళం వేయించండి, మిగిలిన గడ్డిమందు కూడా. గోలీల పట్టీలు మీ చేతిలో ఉంచుకుని పూటకు పూట ఇవ్వండి. అర్ధరాత్రి అయినా మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ప్రమాదం కళ్లముందు ఉంటే 108.

జ్వరం గట్టిగా వచ్చి, ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయి, చెమటలు పోసి, మాట తికమకగా ఉంటే అది కుదురులేనితనం కాదు, మందు వల్ల అరుదుగా వచ్చే ప్రాణాపాయ స్థితి. తరువాతి గోలీ వేయకుండా నేరుగా పెద్ద దవాఖానకు పోవాలి. గోలీలు సొంతంగా ఆపొద్దన్న మాటకు ఉన్న మినహాయింపు ఇదే. మెడ ఒకవైపు మెలితిరగడం, కళ్లు పైకి పోయి నిలిచిపోవడం, నాలుక బయటికి తోసుకురావడం చూస్తే భయంగా ఉంటుంది గానీ సూదితో నిమిషాల్లో సర్దుకుంటుంది. అదీ వెంటనే చూపించాల్సిందే. వయసు కుర్రాళ్లలో, మొదటి కొద్ది రోజుల్లో ఎక్కువ వస్తుంది, దాన్నే చాలామంది దయ్యం పట్టిందంటారు.

మేనమామ మాట గురించి. అన్నీ ఒక్కసారే ఆపేస్తే రెండు నష్టాలు. అణగిన మాటలు, అనుమానాలు వారాల్లోనో నెలల్లోనో తిరిగి వస్తాయి. రెండోది చాలామందికి తెలియదు: ఈ మందులు ఉన్నట్టుండి ఆపినా కొందరికి ఇదే కుదురులేనితనం వస్తుంది. పాసిటేన్ ఒక్కసారే ఆపినా అంతే. డాక్టరు దగ్గరికి పోయేలోపు మరీ భరించలేకుండా ఉంటే 14416కో, రాసిన దవాఖానకో ఫోన్ చేసి ఈ పూట డోసు ఏం చేయాలో అడిగి వేయండి.

నెమ్మదించాక ప్రొప్రనలాల్ లాంటివి జీవితాంతం అక్కర్లేదు. అసలు మందు డోసు నిలకడగా ఉండి కొన్ని వారాలు, నెలలు బాగుంటే మెల్లగా దించుతారు. దించేటప్పుడు పైన చెప్పిన స్టూలు పరీక్ష వారానికోసారి చేసి తేదీ వేసి రాసిపెట్టండి. నెలల తర్వాత కూడా పోకపోతే, లేదా నెలలు గడిచాక కొత్తగా మొదలైతే అది మొండి రకం కావచ్చు, దానికి వైద్యం వేరు. నోరు, నాలుక, దవడ వాటంతటవే కదులుతున్నాయా అని కూడా చూసి చెప్పండి.

చివరగా ఒక పని చేయించుకోండి. చీటీ మొదటి పేజీ మీద డాక్టరు చేతనే "రిస్పెరిడోన్ 4 మిల్లీగ్రాములతో అకతీసియా" అని తేదీతో రాయించండి. తర్వాత పంటినొప్పికో వాంతులకో ఏ దవాఖానకు పోయినా ఆ పేజీ ముందు చూపించండి. వాంతుల సూది వేయబోయే నర్సుకు ఆ ఒక్క వరుస చాలు.